విడిచిన ఒక్కపొద్దులు

మూడో బిందె మెడదాకా నిండేసరికి నల్లా ధార సన్నబడింది. నిఖత్ బిందెను పక్కకు జరిపి దాని చోట నమాజ్‌కు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ లోటా పెట్టింది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు. ఆ ఇంట్లో అవి ముందు తాగడానికి, తర్వాత వుజూకు, ఆ తర్వాతే బట్టలకు. ఆ వరస అత్త తాజ్‌బీ పెట్టింది. పెళ్లయి వచ్చిన ఈ తొమ్మిదేళ్లలో నిఖత్ దాన్ని ఒక్కసారీ తప్పలేదు.

లోటా నిండుతుంటే ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇవాళ శనివారం. రేపు ఆదివారం. ఎల్లుండి ఆపరేషన్.

మొన్న బుధవారం ఊళ్లో సూదులేసే డాక్టరు స్కాన్ కాగితాన్ని ఎండకు పట్టి చూసి, కాసేపు నాలుక చప్పరించి తేల్చేశాడు. "నెల మధ్యల రక్తం పోతుందంటే సంచి పాడైనట్టే. క్యాన్సర్ అయ్యేదాకా ఉంచుకుంటరా, ముందే తీయించుకుంటరా? మీ ఇష్టం." అక్కడికక్కడే ఎవరికో ఫోన్ చేసి, పట్నంలో తనకు తెలిసిన దవాఖానలో సోమవారానికి పేరు రాయించాడు. నిఖత్ భర్త ఉవైస్ కొత్తకోటలో హైవే పక్కన లారీలకు కరెంటు పని చేస్తూ వారమంతా అక్కడే ఉంటాడు. ఫోన్‌లో సంగతి విని, "అమ్మ ఎట్లంటే అట్ల" అన్నాడు.

అమ్మ తలూపింది.

ఆ తలూపడమే నిఖత్‌కు మూడు రోజులుగా నిద్ర లేకుండా చేస్తోంది. మనవడు కావాలని ఐదు పూటలా చేతులు చాచి దువా చేసే మనిషి, ఇరవై ఎనిమిదేళ్ల కోడలి గర్భసంచి తీసేస్తామంటే ఒక్క ప్రశ్నయినా అడగకుండా ఎందుకు ఒప్పుకుంది? ఇద్దరు ఆడపిల్లల్ని సెలవులకని గద్వాలలో వాళ్ల అమ్మమ్మ దగ్గరికి ఈ వారమే ఎందుకు పంపించింది? గురువారం మాపటేళ పెరట్లో నిలబడి గొంతు తగ్గించి ఫోన్‌లో మాట్లాడుతుంటే నిఖత్ చెవులారా విన్నది. "సోమవారం లోపల నాకు చెప్పాలె షాజియా. మా కోడలికి తెల్వనియ్యకు."

షాజియాను నిఖత్ ఒక్కసారే చూసింది, ఎవరిదో పెళ్లిలో. కల్వకుర్తిలో ఏదో దవాఖానలో పని చేస్తుందంటారు, అత్త తరఫు దూరపు చుట్టం. ముప్పై ఏళ్లుంటాయి. తెల్లగా, పొడుగ్గా ఉంటుంది. ఇంకా పెళ్లి కాలేదు.

సంచి లేని కోడలు, పెళ్లి కాని షాజియా. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నిఖత్‌కు ఉవైస్ రెండో పెళ్లే కళ్లముందు కదిలేది.

ఆమె దగ్గరా ఒక రహస్యం ఉంది. అది చెబితే ఆపరేషన్ ఆగుతుంది. చెబితే కాపురం ఏమవుతుందో తెలియదు. నిన్నటి నుంచి ఆమె తూస్తున్నది ఆ రెంటినే.

"నిఖత్."

వెనక నుంచి పిలుపు. నిఖత్ తిరిగి చూసింది. తాజ్‌బీ వంటింటి గడప మీద నిలబడి ఉంది. తెల్ల ఓణీ తల మీద నుంచి జారి భుజాన పడింది. ఒక చేతిలో సల్వారుకు ఎక్కించాల్సిన ఎలాస్టిక్ పట్టీ, ఇంకో చేతిలో గులాబీ రంగు కార్డు.

కుట్టుమిషన్ సొరుగులో, దారపు ఉండల కింద, పాత పేపరు కింద దాచిన కార్డు.

"పిన్నీసు కోసం ఎతికిన. ఇది దొరికె. ఏందే ఇది?"

"బలానికి సూది అత్తమ్మా. సబ్‌సెంటర్ల ఏసిండ్రు. రక్తం తక్కువుందని."

"బలం సూది కార్డు మిషన్ డబ్బల దాస్తరా? బలం ఎవలన్న ఎత్తుకవోతరనా?"

నిఖత్ కార్డు కోసం చేయి చాచింది. తాజ్‌బీ దాన్ని వెనక్కి లాక్కుంది.

"నాకు తెలుగు చదువ రాదు. అంకెలొస్తయి. ఈడ ఒక తారీకు ఉంది, మూడు నెలలు ఎల్లినంక ఇంకో తారీకు ఉంది. బలం మూడు నెలలకోసారి ఎక్కిస్తరా? చెప్పు, జర నేను గూడ ఏయించుకుంట. మోకాళ్లు లేస్తలెవ్వు."

లోటా నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. గోడ అవతలి నుంచి పక్కింటి జోగులమ్మ గొంతు వినిపించింది. "ఏం తాజ్‌బీ, అత్తాకోడండ్లు ఏం ముచ్చట వెట్టిండ్రు? నీళ్లన్ని మోరిలకు వోతున్నయి!"

"మా నీళ్లు, మా మోరి. నీకేం పరేషాన్ జోగులమ్మా? నీ బిందె నువ్వు సూస్కో," అంది తాజ్‌బీ అటు తిరగకుండానే. ఆమె కళ్లు నిఖత్ మీదే ఉన్నాయి. జోగులమ్మ చెంబు చప్పుడు ఆగిపోయింది. పని ఆపి చెవులు గోడకు ఆనించిందని ఇద్దరికీ అర్థమైంది. తాజ్‌బీ వచ్చి నల్లా కింద ఇనుప బకెట్ పెట్టింది. ధార బకెట్ అడుగును కొడుతూ మోగసాగింది. ఆ మోతలో మాట గోడ దాటదు.

"ఇప్పుడు చెప్పు."

దాచడానికి ఇక ఏమీ మిగలలేదని నిఖత్‌కు తెలిసిపోయింది. వింతగా గుండె కొంచెం తేలికైంది కూడా. అత్త చేతిలో ఉన్న కార్డే తన సంచిని కాపాడే కాగితం.

"పిల్లలు కాకుండ సూది అత్తమ్మా. మూడు నెలలకోసారి. పోయినేడు ఐదో నెలల కడుపు పోయినప్పుడు నేను ఎట్లయిననో నువ్వే సూసినవ్. రెండేండ్లు ఆగుదమని ఆయనకు చెప్పిన. అల్లా ఇచ్చినప్పుడు అన్నడు. నాకు భయమైంది. బాలమణమ్మను అడిగి ఏయించుకున్న."

బాలమణి సబ్‌సెంటర్ నర్సు. వారానికి రెండుసార్లు స్కూటీ మీద ఊళ్లోకి వస్తుంది.

"ఉవైస్‌కు తెల్సా?"

"తెల్వదు."

తాజ్‌బీ ముఖంలో ఏ రంగూ మారలేదు. కోపం వచ్చి ఉంటే నిఖత్‌కు బాగుండేది.

"అందుకే రక్తం దాగులు వడ్తున్నయి," నిఖత్ తొందరపడింది. "నిన్న నర్సమ్మకు ఫోన్ చేసిన. సూది ఏసుకున్నోళ్లకు మొదట్ల కొన్ని నెలలు నడుమ నడుమ గిట్ల కనపడుతదంట. శానామందికి అయితదంట. సంచికేం కాలేదు. దానికోసం సంచి కోయిచ్చుకుంటవా అని తిట్టింది. సోమవారం వద్దు అత్తమ్మా. నీ కాళ్లు మొక్కుత."

"మొక్కితే అల్లాకే మొక్కాలె," అంది తాజ్‌బీ. మెల్లగా పెరట్లోని పాత బావిరాయి మీద కూర్చుంది. "ఎన్నడేసిండ్రు సూది?"

"రంజాన్ పండుగైనంక. పదో రోజు."

తాజ్‌బీ కార్డు ఒళ్లో పెట్టుకుంది. కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కసాగింది. నమాజ్ అయ్యాక తస్బీహ్ లెక్కపెట్టుకునేది అట్లాగే. కానీ ఇప్పుడు పెదవులు కదలడం లేదు.

"రంజాన్ల నువ్వెన్ని ఒక్కపొద్దులు ఇడిసినవ్?"

నిఖత్ ఉలిక్కిపడింది. "ఆరు. మొదటి వారంల."

"తొమ్మిది."

బకెట్‌లో నీళ్ల మోత చిక్కబడింది.

"మొదటి వారంల ఆరు. నమాజ్ లేదని నువ్వే చెప్పినవ్." ఆ ఇంట్లో నెలసరికి ఉన్న మాట అదే. నమాజ్ లేదు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగరు, చెప్పరు. "అవి పండుగైనంక తీర్చినవ్. బాగుంది. రెండో జుమ్మా తెల్లారి శనివారం, నువ్వు ఒక్కపొద్దున్నట్టే తిరిగినవ్. గని నీ జానమాజ్ చాప మడత నేను పెట్టినట్లే ఉండె. మూల మలిచింది మలిచినట్లే ఉండె. వంటింట్ల గ్లాసు బోర్లిచ్చి ఉండె, కింద తడి. మూడో జుమ్మా తెల్లారి మళ్ల గట్లనే. ఒకటి గాదు, రెండు రోజులు. అడుగుదమనుకున్న. దొంగ ఒక్కపొద్దు ఉండేదానికి నోటితోని ఏం అడుగుత అనుకున్న."

నిఖత్ తల వంచుకుంది. రెండు నెలలుగా ఈ మనిషి తన గ్లాసుల కింది తడి చూస్తోంది. చాప మడతలు చూస్తోంది. ఇంకా ఏమేం చూసిందో!

"సూది పండుగైనంక పడె. రక్తం పండుగకు ముందే పడె. సూది ఎట్ల జేస్తది?"

నిఖత్‌కు సమాధానం తెలుసు. అది చెప్పుకోదగ్గది కాదు. సూది వేసే ముందు బాలమణి ఇదే ప్రశ్న అడిగింది. "నడుమల రక్తం కనపడుతుందా ఎప్పుడన్న? ఉంటే చెప్పు, దాచకు. కారణం తెల్వకుండ ఈ సూది ఏయొద్దు. ముందుగాల వనపర్తికి పోయి పెద్ద డాక్టరమ్మకు చూపియ్యాలె." వనపర్తి పోవాలంటే ఇంట్లో చెప్పాలి. చెప్పి పోయేదయితే ఈ దొంగతనమే అక్కర్లేదు. నిఖత్ తడుముకోకుండా, "లేదమ్మా" అంది. ఒకసారి అన్న మాట నిలబెట్టుకోవడానికి నిన్న ఫోన్‌లోనూ అదే అంది. చివరికి తన అబద్ధాన్ని తానే నమ్మింది. ఆ మూడు రోజులు అసలు జరగలేదన్నట్లే ఉంది మనసులో.

కాపాడుతుందనుకున్న కార్డు అత్త ఒళ్లో ఉత్త గులాబీ కాగితమై పడి ఉంది.

"ఇంకోటి," అంది తాజ్‌బీ. గొంతు ఇంకా తగ్గించింది. "అడుగొద్దు, గని అడుగుత. ఉవైస్ బేస్తారం మాపటికి వస్తడు, జుమ్మా అయినంక పోతడు. తెల్లారి శనివారమే నీకు నమాజ్ ఉండదు. రంజాన్ల గంతే. పండుగైనంక గంతే. వాడు ఈ వారం పనుండి రాలె, నువ్వు ఇయ్యాల శుభ్రంగ ఉన్నవ్. మొదట్ల నేనేమనుకున్ననో చెప్పనా? నా కొడుకును దగ్గరకు రానియ్యకుండ కత చేస్తున్నవనుకున్న. గని కతయితే వాడు రాకముందు చేస్తరు. పోయినంక చేస్తరా?"

నిఖత్ ముఖం చెవులదాకా వేడెక్కింది. సిగ్గు కింద ఇంకేదో చల్లగా పాకింది. నిజమే. ఆమె ఎప్పుడూ అట్లా కలిపి చూసుకోలేదు. ఒక్కో మరకను ఒక్కోసారి కడుక్కుంటూ, ఆరేసుకుంటూ, మరిచిపోతూ వచ్చింది. బాలమణి దీన్ని కూడా అడిగింది. "మొగనితోని ఉన్నంక కనపడుతుందా?" అని. నిఖత్ గోడ మీది టీకాల బొమ్మల వంక చూస్తూ అడ్డంగా తలూపింది. "ఉంటే సంచి మూతి కాడ చూడాలె. ఆడ పుండు ఉండొచ్చు, చిన్న కండ పెరగొచ్చు, చీము పట్టొచ్చు. శానావరకు మందులతోని పోతయి. ఒక్కోసారి పెద్దదే ఉంటది. ఏదైన గని కండ్లవెట్టి చూస్తేనే తెలుస్తది," అంది బాలమణి.

ఇంతవరకూ అక్కడ కళ్లుపెట్టి చూసినవాళ్లు లేరు. సూదుల డాక్టరు కాగితం చూశాడు. బాలమణి తన అబద్ధం విన్నది. నిజంగా చూసింది ఎవరంటే ఈ ముసలామె. అదీ గ్లాసుల కింద, చాప మడతల్లో.

"అది నెలసరి గాదే," అంది తాజ్‌బీ. "వేరే రక్తం. దానికి ఒక్కపొద్దు ఇడిసే పని లేదు. వుజూ చేస్కొని నమాజ్ చదువుకోవచ్చు. మా అమ్మ చెప్పేది. నన్నడిగుంటె ఆ దినమే చెప్తుంటి. నువ్వు రెండింటిని ఒకటే జేసి, నోరు మూస్కొని, దొంగతనంగ నీళ్లు తాగినవ్."

ఆ మాటతో నిఖత్‌లో ఏదో తెగింది. "నన్నంటున్నవా? ఇన్ని చూసినవ్ గద. జుమ్మాలు, శనివారాలు అన్నీ యాదికున్నయి గద. మరి ఆ డాక్టరు ముందర ఒక్కటన్న చెప్పినవా? సంచి తీస్తమంటే ఎందుకు తలూపినవ్? పిల్లలను ఎందుకు పంపినవ్?" గొంతు పెరుగుతోందని తెలిసినా ఆపుకోలేకపోయింది. "షాజియాతోని ఏం మాట్లాడుతున్నవ్? నాకు తెల్వొద్దన్న ముచ్చటేంది?"

గోడ అవతల జోగులమ్మ చెంబు కింద పడింది.

షాజియా పేరు వినగానే తాజ్‌బీ కనురెప్పలు ఒక్కసారి కొట్టుకున్నాయి. నిఖత్ అది చూసింది. చూడటం ఆ ఇంట్లో ఒక్కరికే రాదు.

తాజ్‌బీ చేయి చాచి బకెట్‌ను ధార కిందికి సరిగ్గా జరిపింది. ఆ తర్వాత ఆమె మాట్లాడింది షాజియా గురించి కాదు.

"నాకు ముప్పై రెండేండ్లుండె. ఉవైస్ అప్పుడు ఐదో తరగతి. మూడు నెలలు నాకు గూడ గిట్లనే దాగులు వడె. గిట్లనే ఒకడు కాగితం ఎండకు వట్టి చూసె. మీ మామ జీపుల ఏసుకొని తీస్కపాయె. బిడ్డల తల్లివి, నీకింక దాంతోని ఏం పని అన్నరు. నాకు ఇంకొక్క బిడ్డ కావాలనుండె. ఆ మాట ఎవలు అడగలె, నేను చెప్పలె."

తన కడుపు మీద చేయి పెట్టుకుంది. ఆ చేతి కింద ఉన్న గీతను స్నానానికి నీళ్లు పోసినప్పుడు నిఖత్ ఎన్నోసార్లు చూసింది. అదేంటని ఎన్నడూ అడగలేదు. ఆ గల్లీలో సగం మంది ఆడవాళ్లకు ఆ గీత ఉంది.

"మందు దిగినంక నర్సును అడిగిన. నాకేముండె అమ్మా అని. పాడైంది, తీసేసిన్రు అన్నది. ఏం పాడైంది అన్న. మంచం దులుపుకుంట పాయె. ఒక కాగితం గూడ ఇయ్యలె. ఆ ఏడే నడుం పాయె, ఒళ్లంత ఆవిర్లొచ్చుడు షురువాయె. ఇరవై రెండేండ్లాయె బిడ్డా. పుండుండెనో, కండుండెనో, అసలు ఏమన్న ఉండెనో లేదో, ఇయ్యాల్టికి నాకు తెల్వదు."

బిడ్డా అనడం నిఖత్ గమనించింది. ఆ మాట ఆమె నోట అరుదు. అదీ అనుమానంగానే తోచింది.

"అందుకని నాకు గూడ తీయిస్తవా?" అంది.

"కాగితం ఎండకు వట్టంగనే నాకు భయం వట్టె. మనవడు లేకుంటే లేకపాయె, మనిషన్న ఉండాలె అనిపిచ్చె. డాక్టరు అన్నడు, తల ఊగింది." తాజ్‌బీ కార్డును వేలితో తట్టింది. "అప్పుడు ఊగిన తలే మొన్న గూడ ఊగింది. ఇంటికొచ్చినంక అనుకున్న, నేనెందుకు అడగలె అని."

"మరి షాజియా?"

నల్లా ఒకసారి దగ్గినట్లు శబ్దం చేసి ఆగిపోయింది. బకెట్ సగమే నిండింది. ఇప్పుడు మాటకు చాటు లేదు. గోడ అవతల గాజులు గలగలమన్నాయి.

తాజ్‌బీ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. లోటా తీసుకుని, బావిరాయి పక్కన కూర్చుని, నమాజ్ వేళ కాకపోయినా నిదానంగా ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుంది. లోపలికి వెళ్లింది. ఇనుప పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నిఖత్‌కు తెలుసు. స్కాన్ కాగితాలు, రక్తపరీక్షల చీటీలు, సోమవారం రాయించిన చీటీ, అన్నీ కలిపిన ఫైలు ఆ పెట్టెలోనే ఉంది.

తాజ్‌బీ నల్ల బురఖా వేసుకుని బయటికి వచ్చింది. చంకలో ఫైలు. గులాబీ కార్డును ఫైలు మధ్యలోకి దోపుతూ నడిచింది.

"అత్తమ్మా, ఎటు? కార్డు ఎందుకు?" నిఖత్ అడ్డం వెళ్లింది. "ఆయనకు నేనే చెప్త. నువ్వు చెప్పకు. ఒక్కరోజు ఆగు."

తాజ్‌బీ ఆమె ముఖంలోకి చూసింది. అది జాలో, తీర్పో నిఖత్‌కు అంతుపట్టలేదు. తడి చేతిని కోడలి భుజం మీద ఒక్క క్షణం ఉంచింది, అడ్డం తొలగమన్నట్లు. చెప్పులు తొడుక్కుంది. రేకు తలుపు తీసుకుని బయటికి నడిచింది.

నిఖత్ తలుపు దాకా పరుగెత్తింది. ఊరి మొదట్లో తారురోడ్డు కనిపిస్తోంది. ఇటు పక్క ఆటోలు ఆగేది కొత్తకోట పోవడానికి. ఎక్కితే ముప్పావు గంటలో ఉవైస్ దుకాణం. కార్డు కొడుకు చేతిలో పడితే మాపటికల్లా అంతా తేలిపోతుంది. నిఖత్ కళ్లు ఆర్పకుండా చూసింది. ఒక ఆటో ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి పిలిచాడు.

తాజ్‌బీ ఆటో వైపు చూడలేదు. ఫైలును రెండు చేతులా ఛాతీకి అదుముకుని, రోడ్డు దాటి, అవతలి రేకుల షెడ్డు కింద నిలబడింది. అక్కడ ఆగేవి వనపర్తి, బిజినేపల్లి మీదుగా వెళ్లే బస్సులు. కాసేపటికి ఎర్ర బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. దాని నొసటి మీది పలక ఇంత దూరానికీ స్పష్టంగా కనిపించింది.

కల్వకుర్తి.

తాజ్‌బీ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కింది.